మద్దిచెలక పోస్టు ఖాళీ లేదు

అత్త సక్రికి ఉషారాణి వీపు తుడిచి, పౌడరు చల్లి, పక్కకు తిప్పుతుండగా హాల్లోంచి పీఏ వెంకటప్పయ్య కేక వేశాడు.

"అక్కా, జల్దీ రా! సారు లేసిండు!"

"ఇప్పుడు లేసిండా? పదకొండు గొడుతాంది గదనే," అంది సక్రి, పక్షవాతంతో ఓ పక్కకు లాగేసిన మూతితో.

"పక్క మీదికెల్లి కాదత్తా. అసెంబ్లీల లేసిండు నీ కొడుకు," అని ఉషారాణి నడుము వెనక దిండు సర్ది, చేతులు కడుక్కుని వచ్చి టీవీ ముందు నిలబడింది. నిలబడటమే. ఎమ్మెల్యే ఇంట్లో కూర్చోవడం ఆమెకు మూడేళ్లయినా అలవాటు కాలేదు. హాల్లో కుర్చీలు అర్జీలు పట్టుకొచ్చిన వాళ్లవి. వంటింట్లో ఉన్న ఒక్క ముక్కాలిపీట మీద టీ గ్లాసుల పళ్లెం ఉంటుంది.

వైద్య ఆరోగ్య పద్దు మీద చర్చ. తెర మీద హరిలాల్ తెల్లచొక్కాలో మెరిసిపోతున్నాడు.

"అధ్యక్షా, హైదరాబాదులో గుండెలు కోసి బాగు చేస్తున్నామంటున్నారు. సంతోషం. మా అడవిలో గుండె కొట్టుకుంటుందో లేదో చూసే మనిషి లేదు అధ్యక్షా!"

ప్రతిపక్షం బల్లలు చరిచింది. హాల్లో పింఛను కోసం వచ్చిన ముసలి సీతయ్య కూడా తొడ చరిచాడు. "మా సారు లెక్క మాట్లాడెటోడు జిల్లాలనే లేడు!"

ఉషారాణి పెదవులు ఆయన కంటే అరక్షణం ముందే కదులుతున్నాయి. ఆ మాట పప్పు ఉడుకుతుండగా పాత క్యాలెండరు కాగితం వెనక ఆమె రాసింది. పప్పు మాడింది కూడా. ఆ రాత రాసిన సంగతి తెలియని హరిలాల్ ఆ పూట, "ఇంట్ల ఉండి కూడ పొయ్యి మీద కన్నేయకుంటే ఎట్ల?" అన్నాడు. తర్వాత కాగితం చదివి, "మంచిగుంది, ఇంకో రెండు ఊర్లు కలుపు," అన్నాడు. మూడు సమావేశాలుగా ఇదే వరస. పేపర్ల వాళ్లు అడవి ఆరోగ్యం మీద ఆయనంత లోతుగా మాట్లాడేవాడు లేడని రాస్తున్నారు. ఇంత వివరం ఎట్లా తెలుసండీ అని ఒక విలేకరి అడిగితే, "జనంల తిరుగుతం గదా," అన్నాడు. తిరిగిన కాళ్లు అప్పుడు ఆ విలేకరికి టీ తెచ్చి ఇచ్చి వెనక్కి పోయాయి.

తొమ్మిదేళ్లు తిరిగింది. ములకలపల్లి దాటి అడవిలోకి పోతే మద్దిచెలక. అక్కడి సబ్‌సెంటర్లో ఆమె ఏఎన్ఎం, అంటే ఊళ్లు తిరిగే నర్సు. టీకాల డబ్బా భుజాన వేసుకుని, వాగు దాటి, ఇప్పపూలు ఏరుకునే ఆడవాళ్ల వెంట చెట్ల కిందికే పోయి, పొట్ట మీద చెయ్యి వేసి నెల చెప్పేది. హరిలాల్ గెలిచిన వారానికే వరసకు తోటికోడలైన ఒకామె నవ్వింది. "ఎమ్మెల్యే పెండ్లాం ఇంక గూడేల పొంటి సూదులేసుకుంట తిరుగుతదా ఏంది?" హరిలాల్ నవ్వలేదు, ఆలోచించాడు. మూడు నెలలకు సక్రికి పక్షవాతం వచ్చింది. ఆడబిడ్డలు వచ్చి ఏడ్చి, పోతూ పోతూ తేల్చేశారు: "నర్సు ఇంట్లనే ఉండంగ ఇంకో మనిషెందుకు వదినె?" ఆ రాత్రే హరిలాల్ చెబుతుంటే ఉషారాణి తన చేత్తోనే అర్జీ రాసింది. కుటుంబ కారణాల రీత్యా నన్ను పట్టణానికి డిప్యుటేషను మీద పంపగలరని ప్రార్థన. సోమవారం పట్టణం ఆసుపత్రికి పోయి రిజిస్టరులో సంతకం పెట్టి వస్తుంది. మిగతా రోజులు సక్రికి రెండు గంటలకోసారి పక్క మార్చడం, గొట్టంలో జావ పోయడం, వచ్చినవాళ్లకు టీ, పోయినవాళ్ల గ్లాసులు. వీపు మీద ఒక్క పుండు లేవనివ్వలేదు. చూడవచ్చిన డాక్టరు, "కొడుకు బాగా చూసుకుంటున్నాడు," అన్నాడు.

తెర మీద హరిలాల్ ఊళ్ల పేర్లు చదువుతున్నాడు. ఏఎన్ఎంలు లేని ఊళ్లు, పది. చివరిది చదివేటప్పుడు గొంతు తగ్గించాడు. అక్కడ గొంతు తగ్గించమని ఆమే రాసింది.

"మద్దిచెలక, అధ్యక్షా. పోయిన శ్రావణంలో ఒక తల్లిని మంచం మీద మోసుకొస్తుంటే వాగు నడుమే కాన్పయింది. అంబులెన్సు ఈ ఒడ్డున ఉంది. బిడ్డ ఈ ఒడ్డుకు చేరనే లేదు."

హాల్లో ఉన్న వాళ్లకు అది ప్రసంగం. ఉషారాణికి అది ముత్యాలు, వాగులో బిడ్డను పోగొట్టుకున్న ఆ తల్లి.

పది రోజుల కింద మద్దిచెలక నుంచి ఆదెమ్మ వచ్చింది, ఇప్పపూల మూట నెత్తిన పెట్టుకుని. ఆ చుట్టుపక్కల కాన్పులు చేసే మనిషి, ముత్యాలుకు అత్త. వాకిట్లో వెంకటప్పయ్య ఆపాడు.

"ఏం పని అవ్వా? పింఛనా, ఇల్లా?"

"సిస్టరమ్మ కావాలె."

"సార్ పట్నంల ఉన్నడు. అర్జీ ఉంటే ఇయ్యి."

"అర్జీ గిర్జీ ఏం లేదు బిడ్డా. మా ఊరికి సిస్టరమ్మ లేదు. ఇప్పియ్యమను మీ సారును."

లోపలి నుంచి ఉషారాణి వచ్చేసరికి ఆదెమ్మ ఆమెను తలనుంచి కాళ్లదాకా చూసింది. "సన్నబడ్డవు," అంది. తర్వాత అసలు సంగతి. ముత్యాలుకు మళ్లీ నెల తప్పింది, అయిదో నెల. "పాదాలు ఇప్పటి నుంచే ఉబ్బుతున్నయి. కాన్పు ఆషాఢంల పడుతది. అప్పటికి వాగు వస్తది. నా చేతులతోని ఒక బిడ్డను పూడ్చిపెట్టిన. ఇంకొకటి నాతోని కాదు." అంతే అంది. నీవెందుకు రావని అడగలేదు. అడిగితే బాగుండేది.

ఇప్పుడు ఉషారాణి టీవీ ముందు నిలబడి ఆ అడగని ప్రశ్నను అటూ ఇటూ తిప్పుకుంటోంది. ఆదెమ్మ పోయాక కాగితం ముందేసుకుని పదో ఊరుగా మద్దిచెలక రాసినప్పుడు కలం ఆగలేదు. ఎవరో ఒక నర్సు, పట్టణంలో సుఖం మరిగి, వాగవతల వాళ్లను మరిచిపోయిందన్నట్టే రాసింది. కోపంతో రాసింది. పోస్టుల రిజిస్టరు చూసి రాసి ఉంటే తన పేరు కనబడేది. ఊరిని చూసి రాసింది, ఊళ్లో ఏ నర్సూ కనబడలేదు. ఇంట్లో ఒక మనిషిగా లెక్కకు రాకపోవడం ఎంత అలవాటైపోయిందంటే, చివరికి తన లెక్కలోనే తాను పడలేదు.

మధ్యాహ్నం, సక్రికి జావ పోస్తుండగా మంత్రి జవాబు మొదలైంది. తలుపు తెరిచే ఉంది, మాటలు వినబడుతున్నాయి.

"గౌరవ సభ్యులు హరిలాల్ గారు హృదయాన్ని తాకేలా మాట్లాడారు. తొమ్మిది ఊళ్ల ఖాళీలు నిజమే, నింపుతాం. మద్దిచెలక పోస్టు మాత్రం ఖాళీ లేదు అధ్యక్షా. అక్కడి ఏఎన్ఎం సొంత అభ్యర్థన మీద పట్టణంలో డిప్యుటేషన్లో ఉన్నారు. ఆమె ఎందుకు రావడం లేదో సభ్యులు తమ ఇంట్లోనే కనుక్కోవచ్చు."

సభ గొల్లున నవ్వింది. వెంకటప్పయ్య టీవీ కట్టేశాడు. సీతయ్య ఒక్కడే, "ఏందట? ఏమన్నడు?" అని అడుగుతున్నాడు.

ఫోను అయిదు నిమిషాల్లో మోగింది.

"నలుగుట్ల పరువు తీసినవ్! పది ఊర్లు రాసెటప్పుడు కండ్లు యాడ వెట్టినవ్?"

"ఊరి మీద పెట్టిన," అంది ఉషారాణి.

"ఆదివారం వస్తున్న. మాట్లాడుదం."

"రాండి. పని ఉంది మీతోని."

ఆదివారంలోగా ఆమె వీధి చివరి ఎర్రమ్మను పిలిపించి మూడు రోజులు పక్కన నిలబెట్టుకుని అన్నీ చూపించింది. సక్రి అంతా గమనించి, "పోతున్నవా?" అంది.

"అవ్ అత్తా."

"తండాల నాకు నలుగురు పుట్టిన్రు. బతికింది ముగ్గురు," అంది సక్రి. నాలుగో బిడ్డ సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఎత్తలేదు. "ఎర్రమ్మ చేతులు మొరటు. అయినా ఫర్వాలేదు, పో."

హరిలాల్ వచ్చాడు. సోఫాలో కూర్చుని ముందుగానే సిద్ధం చేసుకున్న మాటలు మొదలుపెట్టాడు. "మంత్రి ముందుగాలనే కాగితం తెప్పిచ్చుకున్నడు. నువ్వు నాకు ఒక్క ముక్క చెప్తే..."

ఆమె ఒక కాగితం ఆయన చేతిలో పెట్టింది. డిప్యుటేషను రద్దు చేసి నన్ను నా స్థానానికి పంపగలరని ప్రార్థన. కింద ఆమె సంతకం, మంత్రి జవాబిచ్చిన మర్నాటి తేదీ, ఆఫీసు మంజూరు ముద్ర.

"ఇచ్చినాక చూపిస్తున్నవా? నన్ను అడగొద్దా?"

"అప్పుడు మీరు చెప్పిన్రు, నేను రాసిన. ఇప్పుడు నేనే రాసిన. మాటలు గవే, చూడుండ్రి."

"మరి యాడి?" అన్నాడు హరిలాల్. అమ్మను తండాలో అట్లా పిలుస్తారు. ఆ ఒక్క మాటలో ఎమ్మెల్యే పోయి కొడుకు మిగిలాడు.

"మీరు లేని రోజులు రాత్రీ పగలూ ఎర్రమ్మ. మీరున్న రోజులు మీరు. రాండి, చూపిస్త."

లోపలికి పోయారు. "ఎడమ భుజం కింద చెయ్యి. ఇంకో చెయ్యి నడుము కింద. మోకాలు మడవాలె ముందుగాల. గుంజొద్దు, దొర్లియ్యాలె." హరిలాల్ వంగాడు. తెల్లచొక్కా చేతులు మడిచాడు. ఒక్కసారిగా గుంజబోయాడు.

"మెల్లగరా కొడకా," అంది సక్రి. "గది మైకు కాదు, మనిషి."

ముసలామె పక్కకు దొర్లింది. ఉషారాణి దిండు సర్దలేదు, ఆయనే సర్దేదాకా ఆగింది. ఆ తర్వాత గుమ్మం దగ్గర పెట్టుకున్న సంచీ, టీకాల డబ్బా తీసుకుంది. పదింబావు బస్సు పోతే మళ్లీ మూడింటికే.

"ఉషా," అన్నాడు లోపలి నుంచి. "మల్ల ఎప్పుడు తిప్పాలె?"

అసెంబ్లీలో అడగడానికి కాకుండా, తెలుసుకోవడానికి ఆయన ఆమెను ఒక ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

"రెండు గంటలైనంక," అని చెప్పి ఆమె చెప్పులు వేసుకుంది.