నెట్ తెగిన కథ

గురునాథరావు వలబెండుకు పెట్టిన గాటులో ఫోను నిలబెట్టి, ఒరిగిపోకుండా అడుగున అట్టముక్క దూర్చాడు. వలను నీటిమీద తేల్చే ఆ తెల్లటి బెండును యారాడ బడి పిల్లలే సముద్రం ఒడ్డున ఏరి తెచ్చారు. కిటికీ గట్టుమీద అది ఉంటేనే ఆయన ఇంగ్లీషు క్లాసు మొదలైనట్టు.

యాభై నాలుగేళ్ల మనిషి. పీల మెడ, మెడకు వదులైన చొక్కా కాలరు, రెండు బస్సులు మారి వచ్చేసరికి మోకాళ్లలో సలుపు. పదహారేళ్లుగా కాంట్రాక్టు మేస్టారే. కుర్రతనంలో ఒక ఇంటర్వ్యూలో ‘మంచి టీచర్‌నవుతాను’ అని ఇంగ్లీషులో చెప్పబోయి ‘టీసర్’ అన్నాడు. ఎదురుగా కూర్చున్న ముగ్గురూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ తర్వాత రెండేళ్లు అద్దం ముందు నిలబడి నాలుక తిప్పుకున్నాడు. నాలుక తిరిగింది, ఉద్యోగం మాత్రం ఎవడో ఎగరేసుకుపోయాడు. ఆ నవ్వు తలచుకుంటే ఆయనకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అందుకే పిల్లల చేత పుస్తకం చదివించడు. ఇంటి సంగతేదైనా ఐదు ఫొటోలు తీసి, ఫొటోకొక ఇంగ్లీషు వాక్యం సొంత గొంతుతో చెప్పమంటాడు. అవన్నీ ఫోనులో అతికించి చిన్న సినిమా చేస్తాడు. పాఠమంటే గోడవైపు చూసే పిల్లలు, తమ కథకు మాట కావాలని వెంటపడి అడుగుతారు.

ఏడో తరగతి నూకరత్నం కథ ఈరోజు బడికొచ్చే పెద్దవాళ్ల ముందు వేస్తారు. ఏదో ఓడ వాళ్ల నాన్న వల మీదుగా పోయి ముక్కలు చేసింది. ఎక్కడ మొరపెట్టుకున్నా రుజువేదన్నారు. తెగిన వలను, నాన్న చేతుల్ని ఆ పిల్ల ఫొటోలు తీసింది. ‘బిగ్ సిప్ కేమ్. మై ఫాదర్ నెట్ కట్. నో నెట్, నో ఫిస్.’ పదకొండుసార్లు రికార్డు చేశారు.

“పెద్దోళ్లు ఇంటారా మేస్టారూ?”

“ఎందుకినరు? నీ గొంతుతోనే ఇంటారు,” అన్నాడు.

మధ్యాహ్నం హాల్లో అతిథులు కూర్చున్నారు. బడికి ట్యాబులిచ్చే కంపెనీ తరఫున వచ్చిన హరిచందన, మేస్టారు ముందే పంపిన సినిమా వేస్తూ తెర వెలిగించింది. తేనె పూసినట్టున్న ఒక పరాయి గొంతు పలికింది: ‘మై ఫాదర్స్ ఇంటర్నెట్ ఈజ్ నాట్ వర్కింగ్.’ వల లేదు, చేతులు లేవు. అడ్డగీత కొట్టిన సెల్ టవర్ బొమ్మ ఉంది. అతిథులు చప్పట్లు కొట్టారు. పల్లెలో కూడా నెట్ ఎంత అవసరమో పాప భలే చెప్పిందన్నారు.

నూకరత్నం లేచి నిలబడింది. “ఇదేటి మేస్టారూ? ఆ గొంతు నాది కాదు. మా అయ్య వల ఏదండీ?”

హరిచందన ఆయన పక్కకు వంగింది. “సాఫ్ట్‌వేర్ సరిచేసింది సార్. షిప్‌ని సిప్ అంటే అతిథులు నవ్వరూ?”

నవ్వుతారట! గురునాథరావుకు చెవుల దాకా వేడెక్కింది.

“నవ్వనీండి! నన్నూ నవ్వేరు, సావలేదు కదా! అది ఇంటర్నెట్ కాదమ్మా, వల! సిప్పొచ్చి తెగ్గొట్టేసింది. సిప్పు!”

అద్దం ముందు తిప్పుకున్న నాలుక ఎక్కడికి పోయిందో ఆయన చూసుకోలేదు. ఫోను మైకు దగ్గర పెట్టి నొక్కాడు. బిగ్ సిప్ కేమ్. ముందు వరసలో ఒకాయన కిసుక్కున నవ్వాడు. నో నెట్, నో ఫిస్ దగ్గరకొచ్చేసరికి ఆ నవ్వు ఆగింది. “ఏ ఓడ? ఎప్పుడు?” అని వెనక నుంచి ఎవరో అడిగారు. నూకరత్నం చెప్పడం మొదలుపెట్టింది, తెలుగులోనే.

నాలుగింటికి హెడ్మాస్టరు పిలిచాడు. రేపట్నుంచి ట్యాబులే పాఠం చెబుతాయట. ఇంగ్లీషుకు మేస్టారు అక్కర్లేదట. ఆయన ముఖం చూడకుండా కాగితాలు సర్దుకుంటూ చెప్పాడు. గురునాథరావు బతిమాలలేదు. గేటు దగ్గర నిలబడ్డ నూకరత్నం నాన్న ఫోనులోకి ఆ కథను ఎక్కించి, తన ఫోను జేబులో వేసుకుని బస్సెక్కాడు.

మర్నాడు గది ఊడవడానికి వచ్చిన వరహాలమ్మ కిటికీ గట్టు తుడుస్తూ బెండును తిప్పింది. గాటులో అట్టముక్క అలాగే ఉంది. బెండు అడుగున పిల్లల చేతిరాత, నీలం పెన్నుతో: ‘ఇది మా ఇంగ్లీసు టీసర్ గారిది. ఎవులూ తియ్యొద్దు.’