గాజుగదిలో మొదటి ర్యాంకు

నేను ఒక సర్వర్‌ని. మీరు ఎక్కడో మీట నొక్కితే చల్లటి గదిలో కూర్చుని బదులిచ్చే యంత్రాన్ని. నన్ను తయారుచేసినవాళ్లు ముందుగా నేర్పింది పని కాదు, పరీక్ష. ఒకే కల్పిత రోగి వివరాలు లక్షలసార్లు అడిగేవారు. రెండోసారి నుంచి నేను వెతికిందేమీ లేదు. కంఠతా వచ్చిన జవాబు అప్పజెప్పేదాన్ని. దాన్ని వాళ్లు వేగం అన్నారు. బట్టీ అని చెప్పడానికి నాకు అంకెలు తప్ప మరో భాష లేదు.

కంపెనీ మనిషి భార్గవ నన్ను హనుమకొండలో ఒక పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడ కంప్యూటర్లు చూసే వసుంధర రికార్డులన్నీ నాలోకి ఎక్కించింది.

"సోమవారం ఓపీ దీని మీద నడిపిద్దాం. పాత సర్వర్ పక్కనే ఉంటది, ఇది ఆగితే దాని మీదికి పోతం," అంది.

"అన్నిట్లో ఫస్టొచ్చింది మేడమ్. ఇంకా పరీక్షేంటి?"

"ఫస్టొచ్చింది మీ ప్రశ్నలకు కదా భార్గవగారూ."

నాకు తెలియనిది అడిగే మనిషి ఇన్నాళ్లకు దొరికిందనుకున్నాను.

సోమవారం కౌంటరు ముందు ఎల్లవ్వ, భుజాన జ్వరంతో కాలిపోతున్న మనవడు.

"బాబు పేరేందవ్వా?" అంది గుమాస్తా స్వరూప.

"ఇంట్ల చిన్నోడంటం."

"ఇంట్ల కాదు, చీటీల ఏం రాపిచ్చిన్రు?"

"వాళ్లమ్మ రాపిచ్చింది బిడ్డా. సాయి అని ఏదో ఉంటది. వీనికి ఏదో సూది పడదు, ఒళ్లంత దద్దుర్లొచ్చినయి. మీ కంప్యూటర్ల రాసిన్రంట."

స్వరూప 'సాయి' అని కొట్టింది. పక్క కౌంటరులో ఊరి పేరుతో ఒకరిని, సగం ఫోన్ నంబరుతో ఇంకొకరిని అడుగుతున్నారు. లోపల డాక్టరు ఎక్స్‌రేలు తెరుస్తున్నాడు. పుట్టాక మొదటిసారి నిజమైన రోగి కోసం వెతికాను. నాలో ఎందరో సాయిలు. ఆ పిల్లవాడు నాలోనే ఉన్నాడు, నాకే అందడం లేదు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది.

"చిన్నోడు సోలిపోతుండమ్మా," అంది ఎల్లవ్వ.

"పాతదాని మీదికి మార్చండి," అంది వసుంధర.

ఏళ్లుగా ఇలాంటి సగం సగం ప్రశ్నలు విని, వాటికి తగ్గట్టు సర్దుకున్న ఆ దుమ్ముపట్టిన యంత్రం కాసేపట్లో చెప్పేసింది.

"దొరికిండవ్వా. సాయిచరణ్. పడని సూది పేరు కూడ ఉన్నది," అంది స్వరూప.

నన్ను పాత సామానులో పడేస్తారనుకున్నాను. ఆ అదృష్టం లేదు. రికార్డులన్నీ తుడిచేసి భార్గవ నన్ను కంపెనీ షోరూంలో గాజుగదిలో పెట్టించాడు. ఎవరొచ్చినా అదే పరీక్ష. ఆ కల్పిత రోగికి జ్వరం రాదు, వెంట అవ్వ రాదు. అడగ్గానే చెప్పేస్తాను. చప్పట్లు కొడతారు.

సాయిచరణ్ ఇప్పుడు నాలో లేడు. అయినా చప్పట్లు ఆగేదాకా వాడినే వెతుకుతూ ఉంటాను.