దీపం కాబోయిన తుపాకి

దిండు గలీబుకు అంత గుండ్రంగా ఎలుకలు చిల్లులు కొట్టవని నేడీన్‌కు తెలుసు.

"వర్జిల్, ఇది కత్తెర పని."

"తుపాకి గుండుకు చుట్టే గుడ్డ బిగువుగా ఉండాలి. గలీబు నేతంత బిగువు మరో గుడ్డకు రాదు," అన్నాడు భర్త.

"నీ చొక్కాలు లేవా?"

"చొక్కాలు తొడుక్కోవాలిగా."

"దిండు మీద నేను తల పెట్టుకోవాలిగా."

"ఇవాళ్టికి వదిలెయ్. అవతల మా అన్న సంగతి తెలుసుగా నీకు."

తెలియకేం. పోయిన మామయ్య స్వయంగా చేసుకున్న పొడుగు తుపాకి కోసం అన్నదమ్ములకు ఆ మధ్యాహ్నం పందెం. గెలిచినవాడిదే తుపాకి. అన్న ఓరిన్ గెలిస్తే అతని భార్య లూయెల్లా దాన్ని నిలబెట్టి, పైన బల్బూ గొడుగూ తగిలించి, ముందుగదిలో దీపంగా పెట్టుకుంటుందట. ఆ మాట విన్నప్పటి నుంచి నేడీన్‌కు ముద్ద దిగడం లేదు. మామయ్య కొడుకుల మీద విసుక్కుని, ఓపిగ్గా ఆ తుపాకి పేల్చడం నేర్పింది ఆమెకే.

పెరటి వెనక మోడుకు ఇస్పేటు ఆసు పేకముక్కను మేకుతో కొట్టారు. ఇద్దరూ ఎవరి తుపాకితో వాళ్లు పేల్చి సమానంగా నిలిచారు. ఇక చివరి గుండు.

తుపాకిలో మందు పోస్తున్నవాణ్ణి పలకరించకూడదన్నది కెంటకీ కొండల్లో పసిపిల్లలకు కూడా నేర్పే మర్యాద. ఆ మర్యాద నేడీన్‌కు బాగా తెలుసు. అందుకే సరిగ్గా అప్పుడే చల్లటి టీ పట్టుకుని ఓరిన్ దగ్గరికి వెళ్లింది.

"బావా, కొత్త కత్తి చేశావటగా. లూయెల్లా ఒకటే గొప్పలు."

ఓరిన్ మందు కొమ్ము పక్కన పెట్టేసి కత్తి దూశాడు. "పాత ఆకురాయి కాల్చి సాగగొట్టాను. పిడి దుప్పికొమ్ము. చూడు," అంటూ ముంజేతి వెంట్రుకలు కాస్త గొరిగి చూపించాడు.

"పిడి వంకరపోయినట్టుందే?"

"వంకరేమిటమ్మా, చేతికి ఒదగాలని అలా చేశాను!"

ఒదగడం గురించి చాలాసేపే చెప్పాడు. తర్వాత కత్తి ఒరలో పెట్టి, గుడ్డా గుండూ గొట్టంలోకి దిగ్గొట్టి, గురి చూసి మీట నొక్కాడు. టిక్కుమంది. తుపాకి ఇంకేమీ మాట్లాడలేదు.

"అన్నా, మందు పోయడం మానేశావా? ఖర్చు తగ్గిస్తున్నావా?"

వర్జిల్ నవ్వు ఆపుకోలేకపోయాడు. నవ్వుతూనే గుండు దిగ్గొట్టాడు, కళ్లు తుడుచుకుని గురి చూశాడు. అతనిదీ టిక్కుమంది.

"ఒక్క కడుపున పుట్టినవాళ్లే, అనుమానం లేదు," అంది లూయెల్లా.

ఇద్దరూ గొట్టాల్లో ఇరుక్కున్న గుండ్లకు మరమేకు బిగించి బయటికి లాగుతూ చెమటలు కక్కుతుంటే, నేడీన్ వరండాలోంచి మామయ్య తుపాకి తెచ్చింది. మందు కొలిచి పోసి, గుడ్డ చుట్టిన గుండు దట్టించి, పేల్చింది. పొగ విడేసరికి ఆసు గుర్తున్న చోట చిల్లుంది.

"పందెంలో నీ పేరు లేదు," అన్నాడు ఓరిన్.

"మీ పేర్లున్నాయిగా బావా. ఏం లాభం?"

రాత్రి భోజనాల బల్ల దగ్గర చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె, వేయించిన కోడి. ఓరిన్ ఎముక పక్కన పెట్టి, వచ్చే ఆదివారం మళ్లీ పేలుద్దామన్నాడు. వర్జిల్ సరేనన్నాడు.

నేడీన్ రొట్టె కోసి ఇద్దరికీ సమానంగా వడ్డించింది.

"ఆదివారం మీ గుండ్లు మీరు పేల్చుకోండి. మామయ్య తుపాకి మాత్రం నాది. పేల్చాలనిపిస్తే ఎప్పుడైనా వచ్చి అడగండి, ఇస్తాను. పేల్చి, కడిగి, నూనె రాసి, మళ్లీ నాకే ఇచ్చి వెళ్లాలి."