మూడో నెలలో చెప్పాల్సిన మాట

రేకు డబ్బాల మూతలు చేసే ఆ కర్మాగారంలో ప్రెస్సుల గదికి మేస్త్రి ఒక ఆడమనిషి. ఆమెకంటే పెద్దవాళ్లు కూడా ఆమెను అక్క అనే పిలిచేవారు. అలా పిలవడానికి అసలు హక్కున్నవాడు మూడో ప్రెస్సు మీద పనిచేసేవాడు. వాడు ఆమె తోడబుట్టిన తమ్ముడు. అచ్చు దిగే చివరి క్షణంలో రేకును బొటనవేలితో ఒక్క పిసరు తిప్పేవాడు. అందుకే వాడి చేతి మూత వంకర పోయేది కాదు. ఎలా తిప్పుతావని ఎవరైనా అడిగితే, "నాకేం తెలుసు, వేలికి తెలుసు" అని నవ్వేవాడు.

ఆ ఏడు యజమాని కొత్త యంత్రాలు పెట్టించడానికి ఒక ఇంజనీరును తీసుకొచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయేమో, మాట మెత్తన, మనిషి నెమ్మది. తీగలు కుట్టిన చేతొడుగులు తెచ్చి, నెలరోజులు వాటితోనే పనిచెయ్యమన్నాడు. చేతుల కదలిక కంప్యూటరు రాసుకుంటుందని, దాన్నిబట్టి ప్రెస్సులు మెరుగుపరుస్తామని చెప్పాడు. అందులో అబద్ధం లేదు. నిజం మాత్రం సగమే ఉంది.

మిగతా సగం అక్కకు తెలుసు. మొదటి వారమే యజమాని ఆమెను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. "రేకు పెట్టే ఇనుప చెయ్యి వస్తోందమ్మా. నలుగురి పని పోతుంది. నీ పనికి ఢోకా లేదు. సమయం వచ్చేదాకా గుట్టుగా ఉంచు" అన్నాడు. ఆ నలుగురిలో తమ్ముడున్నాడా అని అడగడానికి ఆమెకు నోరు రాలేదు. అడగకపోతే తెలియనట్టే కదా అని మనసును జోకొట్టుకుంది. తమ్ముడు చేతొడుగులు తొడుక్కుని, "చూడక్కా, పెళ్లికొడుకులా లేనూ" అంటుంటే తల తిప్పుకుంది.

రెండో నెల మధ్యలో ఇనుప చెయ్యి వచ్చింది. పొద్దున్నే గదిలోవాళ్లందరినీ పిలిచి ఇంజనీరు దాన్ని నడిపించాడు. ఆ చెయ్యి రేకును ఎత్తింది, అచ్చు కింద పెట్టింది, చివర్లో ఒక్క పిసరు తిప్పింది.

తమ్ముడు తన బొటనవేలి వైపు చూసుకున్నాడు.

"దీనికిది ఎవరు నేర్పారు?"

ఇంజనీరు మెచ్చుకోలుగానే చెప్పాడు. "మీరేనండీ. మీ అంత బాగా ఎవరి చెయ్యీ తిరగలేదు."

"మరి నేనేం చెయ్యాలి?"

ఇంజనీరు యజమాని గది వైపు చూశాడు. ఆ చూపే జవాబైంది. తమ్ముడు అచ్చులు బిగించే బండసుత్తి అందుకుని మొదటి దెబ్బ ఇనుప మణికట్టు మీద వేశాడు. రెండో దెబ్బకు గొట్టం తెగి వేడినూనె చిమ్మింది. "ఆగండి, కరెంటుంది, చచ్చిపోతారు" అంటూ ఇంజనీరు అడ్డం వచ్చాడు. మూడో దెబ్బ అతని దవడకు తగిలింది. పచ్చికట్టె విరిగినట్టు చప్పుడైంది. పళ్లు నేలమీద రాలాయి.

అంతటితో ఆగితే బాగుండేది. తమ పనీ పోతుందని ఆ చూపుతోనే తెలిసిన మిగతా ముగ్గురు ప్రెస్సువాళ్లూ పడిపోయినవాడి మీదికి ఉరికారు. ఒకడు డొక్కలో తన్నాడు. ఒకడు రేకుముక్కతో భుజం మీద చీరేశాడు. నూనెలో నెత్తురు కలిసి అందరి కాళ్లూ జారుతున్నాయి.

అక్క పరుగున వెళ్లి కరెంటు ఆపేసి, తమ్ముణ్ణి వెనకనుంచి పట్టుకుంది. వాడు విదిలించిన విసురుకు ఆమె తల ప్రెస్సు అంచుకు కొట్టుకుని కనుబొమ చిట్లింది. ఒక కంటికి అంతా ఎర్రగా కనబడింది. రెండో కంటితో, సుత్తి మళ్లీ లేవడం చూసింది. ఈసారి అది ఇంజనీరు నెత్తికి గురిపెట్టి ఉంది.

చేతికందిన పొడుగు పానాతో ఆమె తమ్ముడి ముంజేతి మీద బలంకొద్దీ కొట్టింది. ఎముక పుటుక్కుమంది. సుత్తి కిందపడింది. వాడు వేలాడుతున్న తన చేతిని, తర్వాత ఆమెను చూశాడు. తన్నేవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

ఆసుపత్రిలో తమ్ముడి గది ముందు పోలీసు కూర్చున్నాడు. కనుబొమ మీద కుట్లతో ఆమె లోపలికి వెళ్లింది.

"మంచి చెయ్యే చూసి విరగ్గొట్టావు" అన్నాడు వాడు.

"సుత్తి ఉన్న చెయ్యి చూసి కొట్టాన్రా."

"ఒక్కటి చెప్పు. నీకు ముందే తెలుసా?"

ఎన్ని సాకులు వెతుక్కుందో అన్నీ నోటిదాకా వచ్చి వెనక్కిపోయాయి. "తెలుసు" అంది. వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇంజనీరు పై అంతస్తులో ఉన్నాడు. ఆమె అక్కడికీ వెళ్లింది. దవడకు తీగలు బిగించి ఉండడంతో కాగితం మీద రాశాడు: 'కార్మికులకు చెప్పడం ప్రణాళికలో ఉంది. మూడో నెలలో.'

"ఇది ఎన్నో నెల బాబూ?"

అతను రెండు వేళ్లు చూపించాడు. కాసేపటికి వాటిని తనే మడుచుకున్నాడు.

"మొదటి రోజే చెప్పుంటే ఊరుకునేవాళ్లని నేననను" అంది ఆమె. "తిట్టుండేవాళ్లు. తిట్లకు దవడలు విరగవు. నేనూ చెప్పలేదు. మీరు కాగితంలో దాచారు, నేను కడుపులో దాచాను."

పోలీసులకు ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. తమ్ముడి దెబ్బలూ, మిగతా ముగ్గురి తన్నులూ, తన దెబ్బా, తలుపు వేసుకుని యజమాని అన్న మాటా దాచలేదు. యజమాని ఆమె మేస్త్రి పని తీసేశాడు. తమ్ముడికి పద్నాలుగు నెలల జైలు పడింది. నలుగురి పనులూ పోనేపోయాయి. కొత్త ఇనుప చెయ్యి తెచ్చి బిగించారు. అది వచ్చేముందు మాత్రం ఇంజనీరు, నత్తిగా మారిన మాటతోనే, గదిలో అందరినీ కూర్చోబెట్టి ఏ పని ఉంటుందో ఏది పోతుందో చెప్పాడని, గంటసేపు బూతులు పడ్డాడని ఆమె విన్నది.

ఆమె వేరే చోట మూటలు కట్టే పనిలో చేరింది. వారం వారం జైలుకు వెళ్లేది. తమ్ముడు కలవనని కబురు పంపేవాడు. ఆమె బల్లమీద కాసేపు కూర్చుని తిరిగొచ్చేది. తొమ్మిదో వారం వాడు వచ్చాడు. ఎముక సరిగ్గా అతకక చెయ్యి కాస్త పక్కకు తిరిగి ఉంది. కటకటాలకు అటువైపు కూర్చుని ఆమె కనుబొమ మీది మచ్చ చూశాడు.

"అన్నం తిని వచ్చావా?" అని అడిగాడు.

"తినలేదురా" అంది ఆమె.