మేస్త్రీ రంగులు వేసిన కాక్‌పిట్

మూత తెల్లబారిపోయింది.

పొయ్యి మీద కాఫీ పెట్టి, అది మరిగేలోగా బొమ్మ విమానాన్ని ఒకసారి చూసుకుందామని పని గదిలోకి వెళ్లిన మిరేయా ప్లువాస్ అక్కడే నిలబడిపోయింది. నిన్న సాయంత్రం దాకా గాజులా మెరిసిన కాక్‌పిట్ మూత ఇప్పుడు పాలు ఒలికి ఎండినట్టుంది. మెత్తటి గుడ్డతో తుడిచింది. పోలేదు. ఇంకాస్త గట్టిగా తుడిచింది. పోదు, ఎందుకంటే అది పట్టింది మూత లోపలివైపు. ఆ సంగతి గుడ్డ అందుకోకముందే ఆమెకు తెలుసు. కాఫీ పొంగిపోయిన వాసన వచ్చినా ఆమె కదల్లేదు.

చేసింది తనే. ఫిబ్రవరిలో వాన పట్టుకుంటే గ్వాయాకిల్ ఊళ్లో గోడలకే చెమటలు పడతాయి, ఇక తెల్ల జిగురు ఎక్కడ ఆరుతుంది? రెండు రోజులు చూసింది. మూత వెనక అంచు లేస్తూనే ఉంది. బొమ్మ విమానాల ప్రదర్శన వచ్చే వారం, ఆదివారం. నిన్న విసుగెత్తి, క్షణంలో పట్టేసే జిగురు ఒక్క చుక్క, సూది మొనంత, ఆ అంచున పెట్టింది. మూసిన చోట ఆ జిగురు ఆవిరి చేరితే గాజులాంటి ప్లాస్టిక్ తెల్లబడుతుందని ఈ బొమ్మ విమానాల పిచ్చిలో పడ్డ ప్రతివాళ్లకీ మొదటి రోజే చెబుతారు. మిరేయాయే ఎంతమందికి చెప్పిందో. వినని వాళ్లని వెక్కిరించింది కూడా.

తన విమానమైతే నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకునేది. కానీ అది టెల్మో అర్రేయాగ విమానం.

టెల్మోని అందరూ మేస్త్రీ అంటారు. తౌరా వైమానిక స్థావరంలో ఇరవై ఆరేళ్లు జాగ్వార్ యుద్ధవిమానాల మెకానిక్‌గా చేశాడు. పనిరోజుల్లో వాటిని బాగుచేయడం, సెలవొస్తే అవే విమానాలను జానా బెత్తెడు పొడుగున ప్లాస్టిక్ ముక్కలతో కట్టుకోవడం, ఇదీ ఆయన బతుకు. పదకొండేళ్ల కింద మిరేయాకి ఇసక కాగితం పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పింది ఆయనే. ఊళ్లోవాళ్లకి కట్టుడు పళ్లు చేసి బతికే ఆమె వేళ్లు చూసి, "ఈ చేతులు పళ్ల దగ్గర వృథా అయిపోతున్నాయి అమ్మాయ్" అన్నాడు. ఇప్పుడు ఆయన చూపు మధ్యలోంచి పోతోంది. ఎదురుగా ఉన్న మనిషి మొహం కనపడదు, పక్కనున్న తలుపు కనపడుతుంది. డిసెంబర్‌లో తన ఆఖరి జాగ్వార్‌కి కాక్‌పిట్ వరకూ రంగులు వేసి, మిగతాది పూర్తి చెయ్యమని ఆమె చేతిలో పెట్టాడు.

మిరేయా బెంగ మూతతో తీరేదైతే బాగుండేది. ఆ తెల్లటి పొర కింద ఏముందో ఆమెకు తెలుసు. మీటర్ల ముళ్లుండే చిన్న చిన్న గుండ్రాలలో పడాల్సిన తెల్ల చుక్కలు బయట పడ్డాయి. నలుపు పక్క గోడ మీదికి కారింది. పైలట్ మోకాళ్ల మధ్య పసుపు నలుపు చారల పిడి ఒకటి ఉంటుంది. ఆపదలో దాన్ని లాగితే సీటుతో సహా మనిషి బయటికి ఎగిరిపోతాడు. అది బురద రంగు ముద్దయి ఉంది. అసలు విమానాల్లో ఆ పిడి పొరపాటున కదలకుండా సూది గుచ్చి భద్రం చేయడం ఇరవై ఆరేళ్లు మేస్త్రీ పనే.

మేస్త్రీ, మిరేయా, ఇంకో ఇద్దరు కలిసి విమానాలు కట్టే బల్ల దగ్గర ఒక పద్ధతుంది. పూర్తయిన పని చేతులు మారుతుంది, పట్టుకున్న ప్రతి మనిషీ ఒక తప్పు చెప్పి గాని పక్కవాళ్లకి ఇవ్వకూడదు. బాగుందనే మాట చుట్టాలకీ చిన్నపిల్లలకీ. ఆ పద్ధతి పెట్టిందే మేస్త్రీ. డిసెంబర్‌లో ఆయన కాక్‌పిట్ ముగ్గురి చేతుల్లోనూ తిరిగింది. ముగ్గురూ బాగుందన్నారు. "ఏం లేదా?" అని అడిగాడాయన. ఏం లేదన్నారు. అందరికంటే గట్టిగా అన్నది మిరేయా.

ఇవాళ శనివారం. శనివారాలు వాళ్లు కూడేది ఆమె పని గదిలోనే, మూడింటికి. మిగతా ఇద్దర్నీ ఫోన్ చేసి గంట ముందే రప్పించింది. వెల్లింగ్టన్ కన్యార్తె మందుల షాపు మనిషి, నోరు ఊరుకోదు. హోల్గెర్ బాకె బళ్లో లెక్కల మాస్టారు, నోరు తెరవడు.

వెల్లింగ్టన్ విమానాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాడు.

"అక్కా, దీని పైలట్‌కి శుక్లాలొచ్చాయి," అన్నాడు.

"నాకు నవ్వాలని లేదు వెల్లింగ్టన్."

"నాకూ లేదు. భయమేస్తే నా నోటికి ఇలాంటివే వస్తాయి."

హోల్గెర్ సంచిలోంచి ఒక పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. అదే జాగ్వార్ విడి ముక్కలున్న కిట్టు, సీలైనా విప్పలేదు. ఆరేళ్లుగా దాచుకుంటున్నాడు, దాని మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వడు. "దీని మూత తీసుకో," అన్నాడు.

మిరేయాకి కళ్లు చెమర్చాయి. కానీ చెయ్యి పెట్టె వైపు పోలేదు.

"ఇంకేం మరి? పాతది ఊడబీకి ఇది పెట్టెయ్. అరగంట పని," అన్నాడు వెల్లింగ్టన్.

"పెడితే లోపల కనపడుతుంది."

ముగ్గురూ విమానం వైపు చూశారు గాని ఒకరినొకరు చూసుకోలేదు. ప్రదర్శనకి తౌరా నుంచి మేస్త్రీ పాత స్నేహితులు వస్తున్నారు. ఆయనే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, కాక్‌పిట్ నా చేతి పని, వచ్చి చూడండి అని పిలిచాడు. జాగ్వార్‌లో ఏ మర ఎక్కడుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగల మనుషులు. వరసగా వంగి దాంట్లోకి చూస్తారు.

"అయితే ఇట్లాగే వదిలెయ్," అన్నాడు వెల్లింగ్టన్ మెల్లగా. "మూత పాడుచేసింది మిరేయా అనుకుంటారు. నిన్ను అనుకుంటే ఏం పోయింది? ఆయన పరువు నిలబడుతుంది. ఆయనకెలాగూ కనపడదు కదా."

ఆఖరి మాట తనకే చేదుగా తోచి, చేతిలో ఉన్న అరటికాయ చిప్స్ పొట్లం మడిచి పక్కన పెట్టేశాడు.

మిరేయాని పొద్దుటినుంచి తొలిచేస్తున్నదీ అదే. జిగురు చుక్క పెట్టేటప్పుడు ఆవిరి సంగతి తనకు నిజంగా గుర్తులేదా? పదకొండేళ్లలో ఒక్కసారి కూడా చేయని తప్పు ఈ విమానానికే ఎందుకు చేసింది? ఎంత తవ్వుకున్నా జవాబు దొరకలేదు. దొరక్కపోవడమే ఆమెకు భయంగా ఉంది.

వీధి తలుపు చప్పుడైంది. మేస్త్రీ అరగంట ముందే వచ్చేశాడు. కూతురు గుమ్మం దాకా దిగబెట్టి వెళ్లిపోయింది. తడి గొడుగు మూలన పెట్టి, కుర్చీ వీపు చేత్తో వెతుక్కుని కూర్చున్నాడు.

"నమిలే చప్పుడు లేదు, నవ్వుల్లేవు. ఎవరైనా పోయారా ఏంటి?" అన్నాడు.

"మీకోసమే చూస్తున్నాం మేస్త్రీ," అన్నాడు వెల్లింగ్టన్.

"అబద్ధం. ముందే వచ్చానని తిట్టుకుంటున్నారు. ఏదీ, ఇటివ్వమ్మాయ్."

ఇచ్చింది. ఆయన వేళ్లు ముక్కు నుంచి తోక దాకా, రెక్కల కింద, అతుకుల మీద నెమ్మదిగా తిరిగాయి. మిరేయా ఆ వేళ్లనే చూస్తోంది.

"ఎడం రెక్క కింద ఇంకో నాలుగు సార్లు ఇసక కాగితం పెట్టాల్సింది."

"అవును మేస్త్రీ," అంది. ఇంతటితో సరిపెడితే బాగుండునని ఆశ పడింది కూడా.

ఆయన విమానాన్ని కిటికీ వెలుగుకి ఎత్తి, కోడిలా తల పక్కకి వాల్చాడు. కంటి చివరతో ఇప్పటికీ కొంచెం ఆనుతుంది.

"మూత తెల్లగా ఉందేం?"

మిరేయా చెప్పేలోగా వెల్లింగ్టన్ అందుకున్నాడు.

"రంగు పడకుండా వేసిన టేపు మేస్త్రీ. ఇంకా తియ్యలేదు."

మేస్త్రీ గోటితో మూతని ఈ చివర నుంచి ఆ చివర దాకా గీరాడు. టేపు అంచు ఎక్కడా తగల్లేదు. విమానాన్ని ఒళ్లో పెట్టుకుని, ఎవరో ఒకరు మాట్లాడతారని ఊరికే కూర్చున్నాడు. తిట్టి ఉంటే మిరేయా తట్టుకునేది, ఆ ఎదురుచూపుని తట్టుకోలేకపోయింది.

"నేనే," అంది. "తెల్ల జిగురు ఆరట్లేదని ఇంకో జిగురు పెట్టాను. లోపల ఆవిరి పట్టేసింది."

"నువ్వా?"

"నేనే."

"కొత్తగా చేరిన పిల్లలు చేసే పని అది."

"తెలుసు మేస్త్రీ."

"సరే, ఏడవకు. హోల్గెర్ దగ్గర ఇదే కిట్టు ఉందిగా. పిసినారి పీనుగ, ప్రాణం పోయినా ఇవ్వడు. అందరం కలిసి బతిమాలదాం."

"బల్ల మీదే ఉంది," అన్నాడు హోల్గెర్.

అని నాలిక్కరుచుకున్నాడు. మేస్త్రీ చెయ్యి చాచి పెట్టెను తడిమాడు. విప్పని సీలు మీద ఆయన వేలు ఆగింది.

"ఇచ్చేశాడా," అన్నాడు. "మరి ఇంకా ఎందుకు పెట్టలేదు?"

హోల్గెర్ చూపు పక్కకి తిప్పుకున్నాడు. వెల్లింగ్టన్ కూడా.

"లోపల అంత అన్యాయంగా ఉందా?"

మిరేయా నోరు తెరిచింది. లేదనడానికి ఇదే సమయమని తెలుసు. అయినా ఆ మాట రాలేదు.

"డిసెంబర్‌లో ముగ్గురూ బాగుందన్నారు," అన్నాడాయన. గొంతులో కోపం లేదు, అందుకే వినడం మరీ కష్టంగా ఉంది. "పదకొండేళ్లుగా ఈ బల్ల దగ్గర నా పనిని ఒక్కడూ బాగుందనలేదు. ఆ రోజు ఇంటికెళ్లి మా అమ్మాయితో అన్నాను, నన్ను చుట్టాన్ని చేసేశారే అని. అయినా వస్తూనే ఉన్నా. ఇవాళైనా ఎవరో ఒకరు అంటారేమో అని. తొమ్మిది శనివారాలు. మా తౌరా వాళ్లని ఎందుకు పిలిచాననుకున్నారు? వాళ్లకి మొహమాటాలు లేవు. వాళ్లైనా చెబుతారని."

మిరేయా సిగ్గుతో చితికిపోయింది. ఇన్నాళ్లూ ఆయన పరువు కాపాడుతున్నాననుకుంది. ఈ గదిలో ఆయన్ని ఒంటరిని చేసింది తామేనని ఆమెకు అప్పటిదాకా తట్టలేదు.

"మూత తియ్యి," అన్నాడు. "అందరూ చూసి చెప్పండి."

పల్చటి బ్లేడు అంచులో దూర్చి పైకెత్తింది. టప్పున విరిగి ఊడొచ్చింది. విమానం వెల్లింగ్టన్ చేతికి వెళ్లింది.

"పక్క గోడ మీదికి నలుపు కారింది మేస్త్రీ," అన్నాడు తల వంచుకుని.

హోల్గెర్ చాలాసేపు చూశాడు. "తెల్ల చుక్కలు బయట పడ్డాయి. ఆరు. కాదు, ఏడు."

ఒక్కో మాటకీ ముసలాయన కనురెప్పలు అదిరాయి. కోరి చెప్పించుకున్నంత మాత్రాన నొప్పి తగ్గుతుందా? విమానం మిరేయా దగ్గరికి వచ్చింది. ఆయన ముఖం ఆమె వైపే తిరిగి ఉంది, ఆమె మాత్రం ఆయనకు కనపడటం లేదు.

"సీటు పిడి," అంది. "చారలు లేవు. పసుపూ నలుపూ కలిసిపోయి బురదయింది. మీవాళ్లు ముందు చూసేది దాన్నే."

మేస్త్రీ కళ్లు మూసుకున్నాడు.

"దానికి నాలుగు రోజులు పట్టింది నాకు," అన్నాడు. తర్వాత, "దిద్దితే వస్తుందా?" అన్నాడు.

వస్తుందని అనేస్తే సరిపోయేది. ఎప్పట్లాగే ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది.

"రాదు మేస్త్రీ. మొత్తం కడిగేసి మళ్లీ వెయ్యాలి."

"మొత్తమా?"

"మొత్తం."

ఆయన తలూపాడు. బల్ల అంచు తడుముకుంటూ సీసాల వరస దాకా చెయ్యి చాచి, ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుని, రంగు కరిగించే థిన్నర్ సీసా పట్టుకున్నాడు. బిరడా బిగుసుకుపోయి ఉంది. వెల్లింగ్టన్ లేవబోతే మోచేత్తో నెట్టేశాడు. తనే మెలిపెట్టి తీసి, సీసా మిరేయా ముందు పెట్టాడు.

"ముందు పిడి కడుగు," అన్నాడు.