శవం దొరకని నవల

“దాన్ని కాలవలో పడేశా. శవం సంగతి నువ్వు చూసుకో” అన్నాడు మా ఆయన. నేను అంట్లు తోముతున్నాను.

ఆయన సస్పెన్స్ నవలలకు పెట్టింది పేరు. కుర్చీలో వాలి ఫోనులోకి కథ చెబుతాడు. విని టైపు చేసేది నేను. అతుకులు వేసేది, ఆఖరి అధ్యాయం రాసేది, ప్రెస్సుకు పంపేది కూడా నేనే. ఆయన చదివేది అట్టమీద తన పేరొక్కటే. “మా కోడలికి టైపు వచ్చు, ఊరికే కూర్చోదు” అని వచ్చినవాళ్ళతో అంటుంది అత్తగారు.

ఈసారి నవలలో ఒక ఇల్లాలు మాయమవుతుంది. ఆయన నవలల్లో ఆడవాళ్ళు మాయం కావడం మామూలే, ఆఖర్న శవాలై తేలడమూ మామూలే. టైపులో ఒకతె గొంతు నులిమి, ఆ వేళ్ళతోనే వెళ్ళి పొయ్యి వెలిగించాలి నేను. ఇల్లు దాటిన ఆడది బతికుంటే పుస్తకం అమ్ముడుపోదట! ఎవడికి కావాలి ఈ శవం? కాళ్ళు బార్లా చాపుకుని చదివేవాడికి. నాకు మాత్రం ఈమెను చంపబుద్ధి కాలేదు.

ఇనస్పెక్టరు మొగుణ్ణి ఆనవాళ్ళు అడిగేచోట ఆయన ఖాళీ వదిలేశాడు. “ఏదో ఒకటి నింపెయ్” అన్నాడు.

“నేనే కనబడకుండా పోతే ఏం చెప్తారు?”

“ఏముందీ... చామనఛాయ. కాదూ?”

ఆయన వెనకే ఉన్నాను. తల తిప్పితే సరిపోయేది. తిప్పలేదు.

“ఇవాళ నా ఒంటిమీద బట్టలు ఏ రంగు?”

“నీ బట్టలు నాకెలా గుర్తుంటాయే! అమ్మా, దీనికి పుట్టుమచ్చలేమైనా ఉన్నాయా?”

“నన్నడుగుతావేంట్రా? పనిలో చురుకని చెప్పు, చాలు” అంది అత్తగారు. ఇద్దరూ పగలబడి నవ్వారు.

చేతులు తుడుచుకుని కూర్చున్నాను. ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు టైపు చేశాను. “ఈ ఆనవాళ్ళతో ఎవర్ని వెతకమంటారు మాస్టారూ?” అని ఇనస్పెక్టరు చేత అనిపించాను. కాలవ గాలించారు. ఆమె కాలి చెప్పు కూడా దొరకలేదు. అక్కడితో ఆపి ప్రెస్సుకు పంపేశాను.

పుస్తకం వచ్చాక ఫోన్లు మొదలయ్యాయి. అందరిదీ ఒకటే ప్రశ్న. ఆయన ఎన్నడూ లేంది వంటింటి గుమ్మందాకా వచ్చాడు.

“ఏం చేశావే దాన్ని? రెండో భాగం కావాలని ప్రాణం తోడేస్తున్నారు. ఎక్కడికి పోయిందో చెప్పి చావు!”

నాకు తెలుసు. ఏ వీధిలో గది తీసుకుందో, దాని కిటికీ ఎటు తెరుచుకుంటుందో, తెల్లారి మెలకువ వచ్చినా ఎవరికోసమూ లేవక్కర్లేదని మళ్ళీ ఎలా ముసుగు తన్నుతుందో, అంతా తెలుసు.

“తెలుసు. కానీ అది మొగుళ్ళకు చెప్పేది కాదు” అన్నాను.