నామినీ పేరు

1982 వేసవిలో గవర్రాజు పచ్చకామెర్లతో రెండు వారాలు మంచాన పడి చనిపోయాడు. పోర్టులో క్రేను డ్రైవరుగా చేసేవాడు. ఆయన బదులు భార్య చిట్టెమ్మకు పోర్టు ఆస్పత్రిలో ఆయా పని ఇచ్చారు. ఆయా జీతానికి ఆ క్వార్టరు రాదు కాబట్టి ఏడాదిలోగా ఖాళీ చెయ్యమని కాగితం కూడా ఇచ్చారు. చిట్టెమ్మకు ముప్ఫై రెండేళ్ళు. కూతురు పద్మావతి అయిదో తరగతి చదువుతోంది.

అద్దెకొంపలో మగదిక్కు లేకుండా ఉండటం ఆమెకు ఇష్టం లేదు. చేతిలో గవర్రాజు తాలూకు డబ్బు కొంత ఉంది. అది కరిగిపోకముందే ఎక్కడో ఒకచోట సొంత నీడ చూసుకోవాలనుకుంది.

ఆస్పత్రిలో నర్సుగా చేసే తాయారు ఫ్లాటు కొనుక్కోమని చెప్పింది. ఆశీల్‌మెట్ట దగ్గర నాలుగంతస్తుల మేడ కొత్తగా లేచింది, ఒకే గేటు, రాత్రీ పగలూ వాచ్‌మన్, ఆడవాళ్ళకు అంతకన్నా భద్రం ఏముందని ఆమె మాట. చిట్టెమ్మ ఒక ఆదివారం తెల్లారేసరికి అక్కడికి వెళ్ళింది. నీళ్ళ వేళకు వెళితేగాని ఇంటి సంగతి తెలియదని ఆమె నమ్మకం. మూడో అంతస్తులో ఉన్నావిడ బిందెతో మెట్లెక్కుతూ కనబడింది. మోటారు కాలిపోయి మూడు వారాలయిందట. తమ కుళాయికి నీళ్ళు వస్తున్నాయి కాబట్టి కింది వాటాల వాళ్ళు బాగుకు చందా ఇచ్చేది లేదన్నారు. కట్టినాయన తన పని అయిపోయిందన్నాడు. మరి ఎవరికి చెప్పుకోవాలని చిట్టెమ్మ అడిగితే, ఏదో సంఘం పెట్టుకోవాలనుకుంటున్నామని చెప్పి ఆవిడ బిందె ఎత్తుకుంది.

ఆ తర్వాత మర్రిపాలెం వైపు వరస ఇళ్ళు చూసింది. ఇల్లిల్లూ గోడ కలిసి ఉంటుంది. ముందు చారెడు జాగా, వెనక చారెడు పెరడు. అవి ఆమెకు నచ్చాయి. అమ్మకానికున్న ఇంట్లో నిలబడి ఉండగా పక్కింటివాళ్ళు గోడకు మేకు కొట్టారు. ఈవైపు గోడ మీది క్యాలెండరు ఊగింది. పద్మావతి నవ్వింది గాని చిట్టెమ్మకు నవ్వు రాలేదు. అయినా ఆ ఇంటిని కాదనుకోలేదు. మనసులో ఒక పక్కన పెట్టుకుంది.

మిగిలింది సొసైటీ స్థలం. గవర్రాజు పెళ్ళికి ముందే, 1970లో, పోర్టు ఉద్యోగులు కొందరు కలిసి పెట్టుకున్న ఇళ్ళ సొసైటీలో చేరాడు. పన్నెండేళ్ళు కాగితాలు తిరిగి తిరిగి, చివరికి గోపాలపట్నం దాటాక కొండవాలులో భూమి చేతికొచ్చింది. మనిషికి రెండొందల గజాలు. నలభైమంది కలిసి అప్పటికే ఒక బావి తవ్వించుకున్నారు. రెండేళ్ళలో ఇల్లు కట్టాలి, లేకపోతే స్థలం వెనక్కి పోతుంది.

సొసైటీ సెక్రటరీ అచ్యుతరామయ్య గోదావరి జిల్లా నుంచి వచ్చిన గుమాస్తా, నిదానం మనిషి. ఆయన రిజిస్టరు తీసి ఆ పుట రెండుసార్లు చదివాడు.

"నామినీగా మీ పేరు లేదమ్మా. త్రినాథరావు అని ఉంది" అన్నాడు.

త్రినాథరావు ఆమె మరిది. గవర్రాజు చేరేనాటికి ఆయనకున్నది ఆ తమ్ముడొక్కడే. తర్వాత పెళ్ళయింది, బిడ్డ పుట్టింది, ఆ పేరు మార్చాలన్న ఊసు మాత్రం ఆయనకు తట్టలేదు. మరిది రాతపూర్వకంగా వదులుకుని, సర్వసభ్య సమావేశం సరేనంటేనే ఆమెను చేర్చుకుంటామని అచ్యుతరామయ్య చెప్పాడు. బస్సులో ఇంటికి వస్తూ చిట్టెమ్మకు పోయినవాడి మీద కోపం వచ్చింది. పోయాక అదే మొదటిసారి.

త్రినాథరావు భీమునిపట్నంలో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటూ జూట్ మిల్లులో పని చేసేవాడు. భార్య కాంతం, ఇద్దరు పిల్లలు. చిట్టెమ్మ అక్కడికి వెళ్ళి చెప్పిందంతా విని అతను బీడీ ఆర్పేశాడు.

"నీకు ఫ్లాటో వరస ఇల్లో నయం వొదినా. అన్న కట్టినదంతా నానిచ్చీస్తాను. స్థలం నాకొగ్గీ. ఆడమనిషివి, ఆ కొండకాడ ఇల్లెలా కడతావు?"

అది మోసం మాట కాదని ఆమెకు తెలుసు. అన్న దినవారాల ఖర్చు సగం తనకు తెలియకుండా భరించినవాడు అతనే. ఆ ఒక్క గదిలో నలుగురు పడుకునే తీరు కూడా ఆమె కళ్ళారా చూసింది. ఆలోచించుకుంటానని చెప్పి లేచింది.

రెండు వారాలు ఆలోచించింది. మరిది ఇచ్చే డబ్బుతో వరస ఇల్లు వచ్చేస్తుంది, ఎవరితోనూ తగువు ఉండదు. కాని ఫ్లాటులో బిందె మోసినావిడ ఆమెకు మాటిమాటికీ గుర్తొచ్చేది. సొసైటీలో ఏడాదికోసారి అందరూ కూర్చుంటారు, సభ్యుడికి ఒక్క ఓటు. ఆయా అయినా ఆఫీసరయినా ఎత్తేది ఒక చెయ్యే. తను ఏదైనా అడిగితే జవాబు చెప్పాల్సినవాళ్ళు ఉంటారు. ఒంటరి మనిషికి వాచ్‌మన్ కన్నా అదే అవసరమని ఆమెకు తోచింది. చిక్కల్లా ఇల్లు కట్టడం. తన డబ్బుకు రెండు గదులూ రేకుల కప్పూ వస్తాయి, అంతే.

మళ్ళీ భీమునిపట్నం వెళ్ళింది. ఈసారి కాంతాన్ని కూడా కూర్చోమంది.

"కింద నాను కట్టుకుంతాను. రేకులెయ్యను, శ్లాబే ఏయిస్తాను. శ్లాబు కర్సులో సగం నువ్వెయ్యి. దాని మీన మేడ నీది, కాగితం రాసిస్తాను" అంది మరిదితో.

కాంతం ముందుగా అడిగింది, మేడ మీద ఉంటే దొడ్డి ఎవరిదని. ఇద్దరిదీ అని చిట్టెమ్మ చెప్పింది. త్రినాథరావు ఇంకో బీడీ ముట్టించాడు.

"అన్న రాసింది నా పేరే గదా వొదినా. కిందది నాకిచ్చి నువ్వు మేడ మీన ఉంతే ఏటి?"

"నేదు త్రినాథా. నేల నాది, నా తర్వాత పద్మది. ఆ మాట నానడగడం నేదు, సెప్తన్నాను. మేడ మాత్రం నీకిస్తానని నానే వొచ్చినాను."

అతను ఆ రోజు ఏమీ తేల్చలేదు. అన్నం తినకుండా వెళ్ళొద్దని కాంతం ఆపింది. ముగ్గురూ కలిసే తిన్నారు.

సర్వసభ్య సమావేశం ఒక ఆదివారం పోర్టు స్కూల్లో జరిగింది. మరిది వస్తాడో రాడో చిట్టెమ్మకు తెలియదు. ఒంటరి ఆడమనిషి గడువులోగా కట్టలేదనీ, డబ్బు తిరిగిచ్చేసి ఆ స్థలం మరొకరికి ఇద్దామనీ కమిటీలో ఇద్దరు అన్నారు. కట్టకపోతే అప్పుడు లాక్కోండి, ఇప్పుడే ఎందుకని చిట్టెమ్మ లేచి అడిగింది. అప్పటికి త్రినాథరావు వచ్చి వెనక బెంచీలో కూర్చుని ఉన్నాడు. ఎవరూ పిలవకుండానే ముందుకొచ్చి స్థలం వదులుకుంటున్నట్టు సంతకం పెట్టిన కాగితం అచ్యుతరామయ్య చేతికిచ్చాడు.

"ఆవిడ ఒంటరి మనిషని ఎవులన్నారు? నానున్నాను" అన్నాడు.

ఎత్తిన చేతులు లెక్కపెడితే ఇరవై తొమ్మిదయ్యాయి. కాదన్న ఆ ఇద్దరిలో ఒకరు కూడా చెయ్యెత్తారు.

క్వార్టరు గడువు ముగిశాక తల్లీకూతుళ్ళు మల్కాపురంలో ఒక గదిలో సర్దుకున్నారు. ఇల్లు లేవడానికి ఏడాదిన్నర పట్టింది. త్రినాథరావు ఆదివారాలు మొదటి బస్సెక్కి వచ్చి బావి నీళ్ళు తోడి గోడలు తడిపేవాడు. శ్లాబు వేసిన రోజు కాంతం పాతికమందికి వండి తెచ్చింది.

మేడ మాత్రం వెంటనే లేవలేదు. మిల్లు కొన్నాళ్ళు మూతపడింది, పిల్లల చదువులు అడ్డొచ్చాయి. 1988లో గాని వాళ్ళు పైన కాపురం పెట్టలేదు. అప్పటినుంచి నీళ్ళ కోసం తోడికోడళ్ళిద్దరికీ వారానికో మాట పట్టింపు వచ్చేది. ఒకసారి నెల రోజులు మాట్లాడుకోలేదు. ఆ నెలలోనే చిట్టెమ్మకు టైఫాయిడ్ వచ్చింది. కాంతం ఒక్క మాటైనా మాట్లాడకుండా పూటపూటా గంజి కాచి తెచ్చి మంచం పక్కన పెట్టి వెళ్ళేది. తొమ్మిదో రోజున, ఇందులో ఉప్పు చాల్లేదని చిట్టెమ్మ అంది. కాంతం పైకెళ్ళి ఉప్పు తెచ్చింది.